42 ఏళ్ల వయసులో టైప్ 1 షుగరు వస్తుందా?

ప్రశ్న: మా తమ్ముడికి 42 ఏళ్లు, వెదురుబద్దలా ఉంటాడు. రెండేళ్ల క్రితం టైప్ 2 అని చెప్పి మెట్‌ఫార్మిన్ రాశారు. మాత్రలు పెంచుతూ పోయినా ఈసారి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చూపే పరీక్ష) 10.4 వచ్చింది. ఆరు కిలోలు తగ్గాడు. అన్నం మానేసి జొన్నరొట్టె తింటున్నా ఇంట్లో అందరూ వాడినే తప్పుపడుతున్నారు. టైప్ 1 చిన్నపిల్లలకే కదా వచ్చేది?

జవాబు 1: పెద్దవాళ్లకూ వస్తుందండీ. నాకు 38వ ఏట వచ్చింది. మూడేళ్లు టైప్ 2 అనుకుని మాత్రలు మింగాను. జీఏడీ యాంటీబాడీ (ఒళ్లు తన క్లోమం మీదే దాడి చేస్తోందా అని చూసేది), సి-పెప్టైడ్ (ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చూసేది) పరీక్షలు చేయించాక అసలు సంగతి తేలింది. నా రోగనిరోధక వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను మెల్లగా దెబ్బతీస్తోంది. దీన్ని లాడా అంటారు, పెద్దవయసులో మెల్లగా ముదిరే టైప్ 1 లాంటిదన్నమాట. టైప్ 2లో మొదట్లో ఇన్సులిన్ ఉన్నా ఒంటికి సరిగా పట్టదు. ఇక్కడ సరుకే అడుగంటుతుంది, జొన్నరొట్టె మాత్రం ఏమి చేస్తుంది పాపం! ఇప్పుడు భోజనాలకు ముందు మూడు, రాత్రి ఒకటి ఇన్సులిన్ సూదులు. పోయిన బరువు తిరిగి వచ్చింది.

జవాబు 2: సన్నగా ఉన్నంత మాత్రాన లాడా అనుకోకండి, మన దేశంలో సన్నవాళ్లకూ టైప్ 2 మామూలే. పరీక్షలే తేల్చాలి. కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగించుకుంటే రక్తంలో, మూత్రంలో చేరేవి) కూడా చూపించండి. వాంతులు, ఆయాసం మొదలైతే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ప్రశ్న అడిగినవారు: రేపే ఎండోక్రినాలజిస్టు (షుగరు, హార్మోన్ల డాక్టరు) దగ్గరికి వెళ్తున్నాం. అమ్మ మాత్రం ఇంకా వాడు దొంగచాటుగా మిఠాయి తింటున్నాడనే అంటోంది.