అప్‌డేట్: చెస్టర్‌ఫీల్డ్ చర్చి శిఖరం ఎందుకు మెలితిరిగిందో తెలిసింది

ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్ పట్టణంలో రైల్లోంచి కనిపించే ఆ చర్చి వంకర శిఖరాన్ని అలాగే కట్టారా, తర్వాత వంగిందా అని పోయిన నెల అడిగాను. జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలు. శనివారం స్వయంగా వెళ్లి, టవర్ మెట్లెక్కి చూసొచ్చాను.

సెయింట్ మేరీ అండ్ ఆల్ సెయింట్స్ చర్చి చాలావరకు 14వ శతాబ్దంది. నేల నుంచి కొన దాకా 228 అడుగుల ఎత్తున్న శిఖరాన్ని 1362 ప్రాంతంలో నిటారుగానే నిలబెట్టారు. ఇప్పుడు 45 డిగ్రీలు మెలితిరిగి, కొన నడిమధ్య నుంచి 9 అడుగులకు పైగా పక్కకు జరిగింది.

ఆరని పచ్చి కలపతో కట్టడం వల్లే మెలితిరిగిందని ఒకరు రాశారు. అది సగమే కారణమని నాకనిపిస్తోంది, ఎందుకంటే ఆ రోజుల్లో వడ్రంగులు పచ్చి ఓక్ కలప వాడటం మామూలే. అసలు లోపం, దూలాలను ఐమూలగా పట్టి ఉంచే అడ్డకర్రలు చాలకపోవడం. దానికి తోడు పైన 33 టన్నుల సీసం రేకులు! ఎండ తగిలే దక్షిణం వైపు సీసం ఎక్కువ వ్యాకోచిస్తుందన్న వివరణ కూడా సబబుగానే ఉంది. ఆ రేకుల్ని చేపముల్లులా ఏటవాలు వరసల్లో పరిచారు, అందుకే కంటికి మెలిక ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

ప్లేగులో నిపుణులైన పనివాళ్లు పోవడమే కారణమన్న మాట కూడా అక్కడ విన్నాను. 1348–49 మహమ్మారి తర్వాత పదమూడేళ్లకే ఇంత పని తలపెట్టారంటే, వాళ్ల మీద నాకు గౌరవమే కలిగింది.

1961లో చర్చిలో మంటలు రేగి పాత ఆర్గన్ (గొట్టాల సంగీత వాద్యం) కాలిపోయింది. శిఖరం మాత్రం దక్కింది.