అంకోర్ అయ్యాక నాలుగు రోజులు: కో కెర్, సంబోర్, పల్లెలు. ఏది, ఎలా?

గోదారిగట్టు:
సియెం రీప్‌లో కంబోడియా అంకోర్ గుళ్ళ మూడు రోజుల పాస్ (62 డాలర్లు) అయ్యాక ఇంకో నాలుగు రోజులు చేతిలో ఉంటాయి. జనవరి ప్రయాణం. అమ్మ, నేను. జనం తక్కువుండే గుళ్ళు, పల్లెల బతుకు చూడాలని ఉంది. అడగాల్సినవి నాలుగు. కో కెర్, సంబోర్ ప్రెయి కుక్, బంతియాయ్ చ్మార్‌లలో ఏ రెండు పెట్టుకోవాలి? అమ్మ మాంసం, చేప, గుడ్డు ఏదీ ముట్టదు, పల్లెల్లో ఏం దొరుకుతుంది? ఆమెకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు తక్కువుండే గుడి ఏది? పల్లెటూరి ఇళ్ళలో రాత్రి ఉండొచ్చా?

ప్రాసాదం_పిచ్చి:
కో కెర్. ఇంకో ఆలోచన పెట్టుకోకండి. 928 నుంచి 944 వరకు ఖ్మేర్ రాజు జయవర్మ IV, అతని తర్వాత కొడుకు హర్షవర్మ II ఏలిన రాజధాని అది. 2023లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది, అయినా జనం ఇంకా పలచగానే ఉంటారు. ఏడంతస్తుల ప్రసాత్ థోమ్ పిరమిడ్ 36 మీటర్లు.

సియెం రీప్ నుంచి 120 కిలోమీటర్లు, బెంగ్ మేలియా గుడి దారిలోనే తగులుతుంది. అందరూ తప్పు చేసేది ఇక్కడే. బెంగ్ మేలియాకి అంకోర్ పాస్ కావాలి, కో కెర్‌కి విడిగా 15 డాలర్ల టికెట్. పాస్ మూడు రోజులూ వాడేసి వెళ్తే బెంగ్ మేలియా ఒక్కదాని కోసం మళ్ళీ 37 డాలర్ల ఒక రోజు పాస్ కొనాలి. మూడు రోజుల పాస్ వరసగా వాడక్కర్లేదు, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా చెల్లుతుంది. రెండు రోజులు అంకోర్‌లో వాడి, మూడో రోజు దీనికి అట్టే పెట్టండి. ఆరింటికి బయల్దేరితే ఏడున్నరకల్లా బెంగ్ మేలియాలో ఉంటారు. టూరిస్టు బస్సులు తొమ్మిది దాటాకే వస్తాయి.

కో కెర్‌లో పిరమిడ్ ఒక్కటే చూసి తిరిగొచ్చేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. ప్రసాత్ చెన్‌కి తప్పక వెళ్ళండి. గదాయుద్ధంలో తలపడ్డ భీముడు, దుర్యోధనుడు అక్కడే ఉండేవారు. దొంగలు చీలమండల దగ్గర నరికి పట్టుకుపోతే పాదాలు పీఠాల మీదే మిగిలాయి. ఇద్దరూ 2014లో అమెరికా నుంచి తిరిగొచ్చారు, ఇప్పుడు రాజధాని నొంపెన్ జాతీయ మ్యూజియంలో ఉన్నారు. కుస్తీ పడుతున్న వాలి సుగ్రీవులు కూడా ఈ గుడివాళ్ళే, వాళ్ళదీ ఆ మ్యూజియమే. నొంపెన్‌లో దిగేలా ఉంటే ముందు మ్యూజియం, తర్వాత కో కెర్. భారతం తెలిసిన మనకి ఆ ఖాళీ చోటు అప్పుడే అర్థమవుతుంది.

మెకాంగ్_బాట:
సంబోర్ పేరుతో జాగ్రత్త. రెండున్నాయి. మీకు కావాల్సింది కొంపొంగ్ థోమ్ పట్టణానికి ఉత్తరాన 30 కిలోమీటర్లలో ఉన్న సంబోర్ ప్రెయి కుక్. ఉత్త సంబోర్ అంటే మెకాంగ్ నది ఒడ్డున, క్రాటీ పట్టణానికి ఎగువన ఉన్న ఊరు. ఫోన్ మ్యాపులో సగం పేరు కొట్టి, వచ్చిన మొదటిదాన్ని నొక్కితే రోజు గంగపాలు. డ్రైవర్‌తో మాట్లాడేటప్పుడు "కొంపొంగ్ థోమ్" అన్న ముక్క కలిపే చెప్పండి.

శాసనప్రియ:
సంబోర్ ప్రెయి కుక్ అంటే ఈశానపురం. 7వ శతాబ్దంలో ఈశానవర్మ I రాజధాని, అంకోర్ కన్నా రెండు వందల ఏళ్ళు ముందుది. 2017లో యునెస్కో జాబితాలోకి వచ్చింది. ప్రపంచంలోనే పాత సున్నా ఉన్న శాసనం దొరికింది కూడా ఇక్కడే. తెలుగువాళ్ళు అందుకోసమైనా వెళ్ళాలి.

మెకాంగ్_బాట:
శాసనప్రియ గారూ, నేను పైన రాసిన గందరగోళంలోనే మీరూ పడ్డారు. సున్నా ఉన్న కె-127 శాసనం మెకాంగ్ ఒడ్డు సంబోర్‌ది. శకం 605, అంటే క్రీ.శ. 683. అది కూడా ఇప్పుడు నొంపెన్ మ్యూజియంలోనే ఉంది.

శాసనప్రియ:
నిజమే, నాదే పొరపాటు. పనికొచ్చే సంగతి ఇంకోటి చెప్తాను. ఖ్మేర్ లిపి పల్లవ లిపి నుంచి వచ్చింది, అంకెల్లో ఆ చుట్టరికం కళ్ళకి కడుతుంది. వాళ్ళ రెండు, మూడు దాదాపు మన ౨, ౩ లాగే ఉంటాయి. రియెల్ (అక్కడి డబ్బు) నోట్ల మీద, ధరల చీటీల మీద ఇవే అంకెలు. ఒక సాయంత్రం కూర్చుంటే పదీ వచ్చేస్తాయి. డాలరుకి సుమారు 4,000 రియెల్, చిల్లరంతా రియెల్‌లోనే ఇస్తారు. డాలర్ నోటు అంచు రవ్వంత చిరిగినా పల్లెల్లో తీసుకోరు, వాళ్ళు అలాంటిది ఇస్తే మీరూ తీసుకోకండి.

సిద్దిపేట_బుల్లెట్:
గుళ్ళే చెప్తున్నరు అందరు. పల్లె బతుకు అడిగిండు గదా ఆయన. బంతియాయ్ స్రెయి పోయే తొవ్వల ప్రియా దాక్ అని ఊరున్నది, ఆడ ఆగుండ్రి. రోడ్డు పొంటి పెద్ద పెద్ద మూకుళ్ళల్ల తాటి నీరు కాగుతుంటది. తాటాకుల చుట్టిన బెల్లం బిళ్ళలు అమ్ముతరు. అచ్చమైన తాటిబెల్లం, తీసుకోండ్రి.

తాటితోపు:
అచ్చమైనదని మాట ఇచ్చేయకండి. అక్కడ తాటి నీరు దొరికేది డిసెంబర్ నుంచి మే దాకానే. వానాకాలంలో మూకుడు కాగుతోందంటే అందులో ఉన్నది నిల్వ బెల్లం కరిగించిన పాకమే, దానికి పంచదార తోడు. ఏడెనిమిది లీటర్ల నీరు మరిగిస్తే గానీ కిలో బెల్లం దిగదు, దానికి గంటల తరబడి కట్టెలు కాలాలి. బిళ్ళ మరీ చవగ్గా దొరికిందంటే లెక్క ఎక్కడో తప్పినట్టే. విరిచి చూడండి. అసలుది మెత్తగా తెగి నాలుక మీద కరిగిపోతుంది. పంచదార కలిస్తే పంటికింద కరకరలాడుతుంది, రంగు కూడా పాలిపోయి ఉంటుంది.

సిద్దిపేట_బుల్లెట్:
వాళ్ళు పోయేది జనవరిల అన్నా. వానాకాలం ముచ్చట ఎందుకు తెస్తున్నవ్? జనవరిల పోతుతాడు గీస్తరు, నీరు మస్తు వస్తది. ముంజలు కాసే ఆడచెట్టు నీరు మార్చి నుంచి. మాది గీత గీసే ఇల్లు, నాకు తాటిచెట్టు గురించి చెప్పకు.

తాటితోపు:
గీత మీకు తెలుసు, కాదనను. అక్కడి పద్ధతి వేరు, అది చెప్తున్నాను. మన దగ్గర చెట్టెక్కడానికి మోకు, ముస్తాదు. వాళ్ళు కణుపుల దగ్గర కొమ్మ మోళ్ళు వదిలేసిన వెదురు బొంగుని చెట్టుకి నిలువునా కట్టేస్తారు, అదే నిచ్చెన. లొట్టి బదులు వెదురు గొట్టం. నీరు పులవకుండా మనం సున్నం పూస్తాం, వాళ్ళు గొట్టం అడుగున పొపెల్ అనే చెట్టు చెక్క ముక్కలు వేస్తారు. ఆ చెక్క వల్ల బెల్లానికి చిన్న వగరు వస్తుంది. ఆ వగరే గుర్తు, ఉత్త తీపే తగిలితే కొనకండి. నమ్మకంగా కావాలంటే కొంపొంగ్ స్పూ తాటి చక్కెర తీసుకోండి. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, పొట్లం మీద ముద్ర ఉంటుంది.

సిద్దిపేట_బుల్లెట్:
ముద్ర ఉన్న పొట్లం సూపర్ మార్కెట్ల దొరుకుతది. దానికోసం ఊర్లకు పోవుడెందుకు? పొయ్యి కాడ నిలబడి, బెల్లం చిక్కబడ్డంక కట్టెతోని రుద్దుతుంటే రంగు మారుడు చూసి, గా మూకుడుల నుంచే తీసుకొమ్మంటున్న. కండ్ల ముందల చేసింది దొంగదెట్లయితది? వగరు అంటున్నవ్, చెక్క తక్కువ వేసిన్నాడు వగరు ఉండది. గంత మాత్రాన పంచదార కలిపిండ్రని గరీబోళ్ళ మీద నింద ఎయ్యకు.

తాటితోపు:
నింద కాదండీ. కల్తీ బిళ్ళ కొనేవాళ్ళుంటే, కష్టపడి చెట్టెక్కినవాడి బెల్లానికి ధర రాదు. నా కోపం దాని మీద. జనవరిలో, మూకుడులో నుంచే తీసుకుంటే మంచిదే, ఆ మాట ఒప్పుకుంటున్నాను.

సిద్దిపేట_బుల్లెట్:
గట్లనన్న ఒప్పుకున్నవ్. గోదారిగట్టు అన్నా, పొద్దుగాల తొమ్మిదింటి లోపల వెదురు గొట్టాలు సైకిల్‌కు కట్టుకొని వచ్చేటోళ్ళు కనవడితె "తెక్ థ్నావోత్" అని అడుగు, తియ్యటి నీరు. "తెక్ థ్నావోత్ చూ" అంటె పులిసిన కల్లు. అమ్మకు మొదటిది తాపు.

నిర్వాహకులు:
బెల్లానికి వేరే చర్చ తెరవండి. ఇక్కడ అడిగింది నాలుగు రోజుల దారి.

ప్రాసాదం_పిచ్చి:
దారికొస్తే, బంతియాయ్ చ్మార్ పెట్టుకోండి. జయవర్మ VII కట్టించింది. పడమటి గోడ మీద ముప్పై రెండు చేతుల లోకేశ్వరుడు (బోధిసత్వుడు) ఉంటాడు. అలాంటివి ఎనిమిది ఉండేవి, గోడ మీద మిగిలినవి రెండే. తూర్పు గోడ మీద పొరుగు చంపా రాజ్యపు చామ్‌లతో పడవల యుద్ధం. సియెం రీప్ నుంచి సిసొఫోన్ 105 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఉత్తరానికి ఇంకో 60. సిసొఫోన్ నుంచి షేర్ టాక్సీలుంటాయి, సీటు నిండితేనే కదుల్తాయి, మధ్యాహ్నం దాటితే కష్టం.

మెకాంగ్_బాట:
అమ్మని తీసుకుని వెళ్తున్న మనిషికి ఆ సలహా ఎలా ఇస్తారు? బంతియాయ్ చ్మార్ థాయ్ సరిహద్దుకి దగ్గర. 2025 జూలైలో ఒకసారి, డిసెంబర్‌లో మళ్ళీ ఆ సరిహద్దులో ఫిరంగులు పేలాయి, ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేశారు. భూమార్గం దాటే చోట్లు 2025 జూన్ నుంచి మూసేశారు. అదే సరిహద్దు మీదున్న ప్రియా విహార్ కొండ గుడి సంగతి చెప్పక్కర్లేదు. 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం గుడి కంబోడియాదే అన్నా గొడవ తీరలేదు.

ప్రాసాదం_పిచ్చి:
భయపెట్టి ఆ ఊరిని చంపేస్తున్నారు. అక్కడి ఇళ్ళవాళ్ళకి యాత్రికులు తప్ప పైసా వచ్చే దారి లేదు. గుడి పడగొట్టిన దొంగల్ని తట్టుకుంది ఆ ఊరు. 1999లో థాయ్ పోలీసులు లారీ పట్టుకుంటే అందులో ఈ గోడ రాళ్ళు 117 ఉన్నాయి.

మెకాంగ్_బాట:
ఊరి మీద ప్రేమ నాకూ ఉంది. ప్రేమతో ప్రయాణ బీమా పనిచేయదు. చాలా పాలసీల్లో యుద్ధం, సైనిక ఘర్షణ మినహాయింపు ఉంటుంది. ఆసుపత్రి బిల్లు పడితే చేతి నుంచే కట్టుకోవాలి. పాలసీలో ఆ పేరా చదివి, నొంపెన్‌లోని మన రాయబార కార్యాలయం సూచన ప్రయాణానికి వారం ముందు చూసి, అప్పుడు తేల్చుకోవాలి. అడిగినాయన కోరింది రెండు చోట్లు. కో కెర్, సంబోర్ చాలు.

ఇంకోటి. కో కెర్ చుట్టుపక్కల మందుపాతరలు తీసేశారు గానీ, ఆ జిల్లాల్లో ఎర్ర పలక మీద పుర్రె బొమ్మ కనిపిస్తే అటు అడుగు కూడా వేయొద్దు. ఒంటేలుకి వెళ్ళాలన్నా సరే, నలిగిన దారి దిగి పొదల్లోకి వెళ్ళొద్దు.

వంటింటి_కబుర్లు:
తిండి గురించి ఎవరూ పట్టించుకోలేదు! చేపముక్క కనిపించకపోయినా ప్రహోక్ ఉంటుంది, అది పులియబెట్టిన చేపముద్ద. తెక్ త్రెయి అంటే చేప నీళ్ళ సాస్. కూరగాయల వేపుడులో కూడా చెంచా వేసేస్తారు. మాంసం వద్దు అంటే సరిపోదు. "ఒత్ సాచ్, ఒత్ త్రెయి, ఒత్ ప్రహోక్, ఒత్ తెక్ త్రెయి", నాలుగూ చెప్పాలి. "మ్హోప్ బువోహ్" అంటే శాకాహారమని తెలుస్తుంది. వీటిని ఖ్మేర్ లిపిలో కాగితం మీద రాయించుకుని పెట్టుకోండి. మన నోట పలికితే ఉచ్చారణ తేడా పడుతుంది.

ప్రియా దాక్‌లోనే నుమ్ బంచొక్ బియ్యపు సేమ్యా అమ్ముతారు, పైన పోసే పులుసులో చేప ఉంటుంది, అది వద్దు. నిశ్చింతగా తినగలిగింది క్రలాన్. జిగురు బియ్యం, అలసందలు, కొబ్బరి పాలు, ఉప్పు వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాలుస్తారు. పై చెక్క ముందే చెక్కేసి ఉంటుంది, మిగిలింది అరటి తొక్కలా ఒలిచేయొచ్చు. పొద్దున కాల్చింది రాత్రి దాకా పాడవదు. రెండు బొంగులు కారులో ఉంటే భోజనం బెంగ లేదు.

సిద్దిపేట_బుల్లెట్:
మన అరకు బొంగు చికెన్ లెక్కనే, కోడి లేకుంట.

మెకాంగ్_బాట:
సంబోర్‌కి 6వ నంబర్ జాతీయ రహదారి మీద వెళ్ళాలి, సియెం రీప్ నుంచి కొంపొంగ్ థోమ్‌కి 150 కిలోమీటర్లు. దారిలో రెండు ఆగదగ్గ చోట్లున్నాయి. దామ్ దెక్ దగ్గర కుడివైపు మళ్ళితే కొంపొంగ్ ఖ్లెయాంగ్, పొడవాటి గుంజల మీద నిలిచిన ఊరు. తొన్లే సాప్ సరస్సు ఎండాకాలంలో 2,500 చదరపు కిలోమీటర్లుంటే, మెకాంగ్ పోటెత్తి తొన్లే సాప్ నది వెనక్కి పారినప్పుడు 15,000 దాకా ఉబ్బుతుంది. గుంజల పొడవు అందుకే. జనవరిలో నీరు తీస్తూ ఉంటుంది, పడవ ఇంకా నడుస్తుంది. ఏప్రిల్‌కి అదే చోట దుమ్ము రేగుతుంది. సరస్సు పల్లెల్లో పడవ మధ్యలో ఆపి "బడి పిల్లలకి బియ్యం బస్తా కొనండి" అని కొట్టుకి తీసుకెళ్తే కొనకండి, ఆ బస్తా సాయంత్రానికి తిరిగి అదే కొట్టుకి చేరుతుంది. రెండోది కొంపొంగ్ క్దెయి పాత వంతెన. ఇరవై పైచిలుకు కమానులు, కమ్మీలుగా పడగ విప్పిన నాగులు. పది నిమిషాలు చాలు.

గోదారిగట్టు:
అందరికీ దండాలు. సంబోర్, కో కెర్ ఖాయం చేసుకున్నాను. మోకాళ్ళ సంగతీ, రాత్రి బసా ఇంకా తేలలేదు.

శాసనప్రియ:
సంబోర్ నేలంతా చదును. అడవి నీడలో నడక, గర్భగుడి గడపల దగ్గర మాత్రం నాలుగైదు మెట్లు. బయట నిలబడే అసలైంది చూడొచ్చు. దక్షిణ గుంపులో ఎనిమిది పలకల గుళ్ళ ఇటుక గోడ మీద ఎగిరే ప్రాసాదాల చెక్కడాలున్నాయి. ఎండ నిటారుగా పడితే ఇటుకలో కలిసిపోతాయి. ఎనిమిదింటికో, నాలుగింటికో ఏటవాలు వెలుతురులో చూస్తే చిన్న చిన్న ముఖాలు కూడా తేలతాయి. ఉత్తర గుంపులో వేళ్ళు మింగేసిన ప్రసాత్ చ్రెయి చూడండి. టికెట్ 10 డాలర్లు.

కో కెర్ పిరమిడ్‌కి పక్కన చెక్కమెట్లు కట్టారు. నిట్రంగా ఉంటాయి, అమ్మగారు ఎక్కొద్దు. కింద నీడలో కూర్చోబెట్టి మీరొక్కరే వెళ్ళి రండి. ప్రసాత్ ప్రామ్, ప్రసాత్ చెన్ రెండూ రోడ్డు పక్కనే, కారు దగ్గరికంటా వెళ్తుంది.

బస సంబోర్ దగ్గర పల్లెలోనే దొరుకుతుంది, ఊరివాళ్ళ సంఘం నడుపుతుంది. ఒక రోజు ముందు ఫోన్ చేయించాలి, లేకపోతే వంటకి సరుకులుండవు. చెక్క ఇల్లు, నేల మీద పరుపు, దోమతెర, తొట్టి నీళ్ళ స్నానం. ఇల్లు గుంజల మీద ఉంటుంది కాబట్టి పది పన్నెండు మెట్లు తప్పవు, మరుగుదొడ్డి ఎక్కువగా కిందే. రాత్రి లేచే అలవాటుంటే కింది గది ఉన్న ఇల్లు కావాలని ఫోన్‌లోనే చెప్పించండి. టార్చ్ ఒకటి దిండు పక్కనే పెట్టుకోండి.