నిలువెత్తు కనిపించాలంటే అద్దం ఎంత పొడవుండాలి?

ప్రశ్న (హనుమకొండ): బెడ్‌రూమ్ గోడకు అద్దం పెట్టిస్తున్నాం. చీర కట్టుకున్నాక కుచ్చిళ్లు పాదాల దాకా కనబడాలి. ఐదున్నర అడుగులది కావాల్సిందేనంటున్నాడు వరంగల్ చౌరస్తా దగ్గరి షాపాయన. మూడడుగులది చాలు, కొంచెం వెనక్కి నిలబడితే సరి అంటారు మా ఆయన. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. ఏది తీసుకోవాలి?

జవాబు (కాజీపేట): అక్కా, మీ ఒక్కరికైతే మూడడుగులు చాలు. కానీ అది వెనక్కి జరగడం వల్ల కాదు.

కిరణం అద్దాన్ని ఏ కోణంలో తాకితే అదే కోణంలో తిరిగొస్తుంది. అందుకే మీ పాదం నుంచి వచ్చే వెలుగు మీ కంటికి చేరాలంటే, పాదానికీ కంటికీ సరిగ్గా మధ్య ఎత్తులో అద్దాన్ని తాకాలి. కళ్లు నేల నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉన్నాయనుకుందాం. పాదాల కోసం 30 అంగుళాల దగ్గర, నడినెత్తి కోసం 62 దగ్గర అద్దం ఉండాలి. అంటే 32 అంగుళాలు, మీ ఎత్తులో సగం. అంతకన్నా కిందున్న అద్దంలో మీ ముందరి గచ్చే కనిపిస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఇప్పుడే చూడండి. ఒక కన్ను మూసి, అద్దంలో నడినెత్తి కనిపించేచోట ఒక బొట్టుబిళ్ల, గడ్డం కనిపించేచోట ఇంకోటి అంటించండి. తల ఎత్తు మార్చకుండా నాలుగడుగులు వెనక్కి వెళ్లండి. ముఖం ఆ రెండు బిళ్లల మధ్యనే ఉంటుంది. బిళ్లల మధ్య దూరం కొలవండి, మీ ముఖం పొడవులో సగమే వస్తుంది.

ప్రశ్న: మరి అమ్మగారింట్లో చిన్న అద్దమే, వెనక్కి జరిగితే కాళ్లు కనిపించేవి కదా తమ్ముడూ?

జవాబు: అది మేకుకు తాడుతో వేలాడదీసిందై ఉంటుంది, పైభాగం ముందుకు వంగి. అద్దం 3 డిగ్రీలు వంగితే కిరణం 6 డిగ్రీలు తిరుగుతుంది. ఆరడుగుల దూరంలో నిలబడితే చూపు ఏడెనిమిది అంగుళాలు కిందికి దిగుతుంది. అప్పుడు దూరం లెక్కలోకి వస్తుంది, ఇంకా వెనక్కెళితే పైన తల తెగిపోతుంది కూడా. మీరు బిగించేటప్పుడు దారానికి బరువు కట్టి, నిలువుగా ఉందో లేదో చూడమనండి.

ప్రశ్న: మా ఆయన 5 అడుగుల 10 అంగుళాలు, బాబు 44 అంగుళాలు. ముగ్గురికీ ఒక్కటే సరిపోవాలంటే?

జవాబు: బాబు కళ్లు 40 అంగుళాల ఎత్తులో ఉంటే అద్దం కింది అంచు 20 దగ్గర ఉండాలి. బావగారి కళ్లు 66 అనుకుంటే పై అంచు 68. నాలుగడుగుల అద్దం తీసుకోండి అక్కా. ఫ్రేమ్ కాకుండా, లోపలి అద్దమే అంత ఉండాలి. టైల్స్ వేశాకే నేల నుంచి కొలవమనండి.