ప్రభుత్వ లెక్కలపై స్వతంత్ర పర్యవేక్షణ: చట్టం కావాలా, వివరాలు బయటపెడితే చాలా?

నిజలెక్క:
ప్రభుత్వం తన పాలన ఎలా ఉందో తానే లెక్క వేసుకుంటుంది, తానే ప్రకటిస్తుంది. ఆ లెక్కల మీద ప్రభుత్వానికి లోబడని సంస్థ ఒకటి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. అది సలహా ఇచ్చి ఊరుకునే సంస్థ అయితే లాభం లేదు. చట్టం దన్ను ఉండాలి.

మన దేశంలో జరిగిందే చూడండి. చట్టబద్ధమైన జాతీయ గణాంక కమిషన్ కావాలని, దేశ గణాంక వ్యవస్థను సమీక్షించిన రంగరాజన్ కమిషన్ 2001లోనే చెప్పింది. ప్రభుత్వం 2005లో ఆ గణాంక కమిషన్‌ను ఏర్పాటు చేసింది కానీ చట్టంతో కాదు, ఒక తీర్మానంతో. దానివల్ల వచ్చిన నష్టం 2018 డిసెంబరులో బయటపడింది. ఉపాధి, నిరుద్యోగితపై జరిపిన 2017-18 సర్వే నివేదికను కమిషన్ ఆమోదించింది. నివేదిక మాత్రం బయటికి రాలేదు. జనవరి చివర్లో తాత్కాలిక అధ్యక్షుడు పి.సి. మోహనన్, సభ్యురాలు జె.వి. మీనాక్షి రాజీనామా చేశారు. లోక్‌సభ ఎన్నికల ఫలితాలు కూడా వచ్చేశాక, 2019 మే 31న నివేదిక విడుదలైంది. నిరుద్యోగిత 6.1 శాతం. ఓటు వేయడానికి ముందు తెలియాల్సిన సంగతి ఓటు వేశాక తెలిసింది. ఆమోదించే హక్కు ఒకరిదీ, విడుదల చేసే హక్కు మరొకరిదీ అయితే ఆ ఆమోదానికి విలువ ఎక్కడిది?

తరాజు:
నిజలెక్క గారూ, అప్పుడు ప్రభుత్వం చెప్పిన మాట కూడా ఇక్కడ ఉండాలి. 2017 జులై నుంచి 2018 డిసెంబరు వరకు త్రైమాసికాల సమాచారాన్ని క్రోడీకరిస్తున్నామని, అది పూర్తయ్యాక నివేదిక ఇస్తామని అన్నారు. ఆ వివరణ నన్నూ ఒప్పించలేదు. అయినా మీరు చెప్పే మందు నాకు రోగం కంటే భయంగా ఉంది. పై సంస్థలో కూర్చునేవాళ్ళు కూడా ఎవరో ఒకరు నియమించినవాళ్ళే కదా?

గ్రీసులో ఏమైంది? ఆండ్రియాస్ జార్జియూ 2010లో అక్కడి గణాంక సంస్థ పగ్గాలు పట్టి, 2009 బడ్జెట్ లోటు జాతీయోత్పత్తిలో 15.4 శాతమని తేల్చారు. యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ ఆ అంకెను అభ్యంతరం లేకుండా స్వీకరించింది. సొంత దేశంలో మాత్రం ఆయన ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2017లో శిక్ష పడింది. నేరం ఏమిటంటే, ఆ అంకెను ప్రకటించే ముందు సంస్థ బోర్డు ఆమోదానికి పెట్టకపోవడం. అంటే లోటు ఎంతో బోర్డు సభ్యులు ఓటు వేసి తేల్చాలన్నమాట. మీరు అడుగుతున్న పై సంస్థ రేపు ఇలాంటి బోర్డుగా మారదని హామీ ఏమిటి? దానికి బదులు వ్యక్తుల పేర్లు తీసేసి సర్వే మూల సమాచారం మొత్తం అందరికీ ఇచ్చేయండి. విశ్వవిద్యాలయాలు, పత్రికలు, పరిశోధకులు తామే సరిచూసుకుంటారు.

పాత షెడ్యూలు:
ఇద్దరూ పైఅంతస్తు గురించే మాట్లాడుతున్నారు. నేను ఒక సర్వేలో ఇల్లిల్లూ తిరిగి షెడ్యూళ్ళు, అంటే సర్వే ప్రశ్నల పత్రాలు, నింపినవాణ్ణి. లెక్క చెడిపోవడం మొదలయ్యేది అక్కడ.

గడిచిన వారంలో ఏ ఒక్క రోజైనా కనీసం గంటసేపు పని చేసినవారిని వారపు లెక్కలో ఉపాధి ఉన్నట్టే రాయాలి. నిర్వచనం సరే, ఇబ్బంది అడిగే తీరులో ఉంది. తెల్లవారుజామునే గేదెలకు మేత వేసి, పాలు పితికి కేంద్రానికి పోసి వచ్చిన ఆవిడను ‘ఏమైనా పని చేస్తారా అమ్మా’ అని అడిగితే ‘ఇంట్లోనే ఉంటానండీ’ అంటుంది. ఒక్కొక్క పనీ పేరు పెట్టి అడిగితేనే నిజం వస్తుంది. అలా అడగడానికి సమయం కావాలి. రోజుకు ఇన్ని ఇళ్ళు పూర్తి కావాలనే ఒత్తిడిలో ఆ సమయం ఉండదు. పోయినసారి కంటే తేడా ఎక్కువ వస్తే పైనుంచి ‘మళ్ళీ చూడు’ అనే మాట వస్తుంది. మళ్ళీ చూడమంటే ఏం చేయాలో మాకు అర్థమయ్యేది. అలా ఒకసారి నేనూ దిద్దాను. ఇప్పటికీ బాధగా ఉంటుంది. మూల సమాచారం మొత్తం బయటపెట్టినా, తరాజు గారూ, ఆ దిద్దుబాటు అందులో కనిపించదు.

నిజలెక్క:
పాత షెడ్యూలు గారూ, దాచుకోకుండా చెప్పినందుకు కృతజ్ఞతలు. మీరు చెప్పిన చోటికి చేరగలిగే పర్యవేక్షణే నేను కోరేది. బ్రిటన్‌లో 2007 చట్టంతో ఏర్పడిన గణాంక ప్రాధికార సంస్థ ప్రభుత్వానికి కాదు, పార్లమెంటుకు జవాబు చెబుతుంది. ఇంగ్లండ్, వేల్స్ పోలీసుల నేరాల నమోదు నమ్మదగినట్టు లేదని, 2014 జనవరిలో ఆ లెక్కలకున్న ‘జాతీయ గణాంకాలు’ అనే గుర్తింపును తీసేసింది. పోలీసు స్టేషన్లకు వచ్చిన నేరాల్లో సుమారు 19 శాతం నమోదు కాలేదని అదే ఏడాది పోలీసు తనిఖీ విభాగం తేల్చింది. గణాంక ప్రాధికార సంస్థ అంకెను మార్చలేదు, మార్చే హక్కూ దానికి లేదు. ఈ అంకెను నమ్మవద్దని బహిరంగంగా చెప్పింది, అంతే.

తరాజు గారి గ్రీసు ఉదాహరణకు నా జవాబూ ఇదే. అక్కడి తప్పు బోర్డు ఉండటం కాదు, అంకె మీద బోర్డుకు హక్కు ఉందనుకోవడం. అంకె గణాంక నిపుణుడిది. పద్ధతి, విడుదల తేదీ, విధుల నుంచి తొలగించకుండా రక్షణ, ఈ మూడూ పర్యవేక్షణ సంస్థవి. ఆ రక్షణ లేకపోతే ఏమవుతుందో 2025 ఆగస్టులో అమెరికాలో చూశాం. మే, జూన్ నెలల ఉద్యోగాల లెక్కను 2,58,000 మేర తగ్గించి సవరించిన రోజునే కార్మిక గణాంకాల అధిపతిని అధ్యక్షుడు తొలగించారు. ఆలస్యంగా వచ్చిన జవాబులను కలుపుకొని పాత లెక్కను సరిచేసుకోవడం గణాంకాల్లో నిజాయతీకి గుర్తు. దాన్నే నేరంగా చూశారు.

ఇక బయటివాళ్ళే సరిచూసుకుంటారన్న మాట. అర్జెంటీనాలో 2007 నుంచి ప్రభుత్వ ధరల సూచీ మీద నమ్మకం పోయింది. సొంతంగా ద్రవ్యోల్బణాన్ని అంచనా వేసిన ప్రైవేటు సంస్థలకు ప్రభుత్వం 2011లో జరిమానాలు వేసింది. చివరికి ఆ అంచనాలను ప్రతిపక్ష సభ్యులు తమ పేరుతో ప్రకటించాల్సి వచ్చింది. చట్టం అండ లేనివాళ్ళు ఎంతకాలం సరిచూస్తూ ఉండగలరు?

తరాజు:
విడుదల తేదీ విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఏడాది ముందే తేదీలు ప్రకటించాలి, ఆ రోజు మంత్రి అనుమతితో పని లేకుండా నివేదిక రావాలి. దానికి చట్టం కావాలంటే కావాలనే అంటాను. 2017-18 వినియోగ వ్యయ సర్వే నివేదికను నాణ్యత లేదంటూ పూర్తిగా పక్కన పెట్టినప్పుడు నాకూ కోపం వచ్చింది. నాణ్యత లేకపోతే ఎందుకు లేదో చూపించి విడుదల చేయాల్సింది. నియామకాల దగ్గర మాత్రం నా అనుమానం తీరలేదు. అధికార పక్షం ఒక్కటే ఎంపిక చేసే సభ్యులతో ఎంత మంచి చట్టమైనా నిలబడదు.

నిజలెక్క:
ఆ అనుమానం నాకూ ఉంది. ప్రతిపక్షానికి చోటున్న పార్లమెంటరీ సంఘం ఎంపిక చేయాలి, పదవీకాలం మధ్యలో తొలగించే వీలుండకూడదు. ఇంతకు మించి నా దగ్గరా జవాబు లేదు. పాత షెడ్యూలు గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. ‘మళ్ళీ చూడు’ అన్న రోజున నేరుగా కమిషన్‌కు రాసే దారి ఉండి ఉంటే రాసేవారా?

పాత షెడ్యూలు:
పేరు బయటికి రాదంటే రాసేవాణ్ణి. అప్పుడు నాది కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా పొడిగించాలి. ఆ పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టేది ‘మళ్ళీ చూడు’ అన్న అధికారే.