బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది, చేతికి 14 వేలే అంటున్నరు. చేరాల్నా?

మానుకోట_పిల్ల:
అందరికీ నమస్తే. మాది మహబూబాబాద్ దగ్గర ఊరు. ఈ ఏడే బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కూడా వచ్చింది. హైదరాబాద్‌ల ఒక కార్పొరేట్ ఆసుపత్రికి ఇంటర్వ్యూకు పోతే మెడికల్ వార్డుల తీసుకుంటమన్నరు. జీతం 16,000, కటింగులు పోను 14,290. హాస్టల్‌కే 6,500 పోతది. రెండేండ్ల బాండు రాయాల్నంట, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే పెట్టాల్నంట. మా బాపు "సెంట్రింగ్ పనికి పోయేటోడు ఇంతకన్నా ఎక్కువ తెస్తడు, దీనికా అప్పు చేసి చదివించింది" అంటున్నడు. చేరాల్నా, ఇంట్ల కూసొని గవర్నమెంటుకు చదువాల్నా? సీనియర్ అక్కలు జర చెప్పండి.

నైట్‌డ్యూటీ_అక్క:
చెల్లె, ఇప్పుడే హ్యాండోవర్ ఇచ్చి బస్సెక్కిన. నిద్రమత్తుల రాస్తున్న, అక్షరాలు తప్పు పోతే ఏమనుకోకు.

మీ బాపుకు కోపం రావడం న్యాయమే. 2016ల సుప్రీంకోర్టు చెప్తే కేంద్రం కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి నర్సుకు ఆ రాష్ట్రం గవర్నమెంటు నర్సుతో సమానంగ ఇయ్యాలని, 50 పడకల లోపు ఉన్న చిన్న ఆసుపత్రి అయినా 20,000కు తగ్గొద్దని ఆ కమిటీ రాసింది. మన దగ్గర గవర్నమెంటు స్టాఫ్ నర్సు స్కేలు 36,750 నుంచి మొదలు. నీకు ఇస్తమన్నది 16,000. సిఫార్సు కాగితం మీదనే ఉన్నది, ఏ హెచ్ఆర్ ముందు పెట్టినా నవ్వుతడు. మా బ్యాచ్‌ల అందరం ఇట్లనే మొదలుపెట్టినం. ఇంకో నాలుగు ఆసుపత్రులు తిరిగితే వెయ్యో రెండు వేలో తేడా వస్తది, అంతే. అందుకని జీతం కాడ కొట్లాడి అలిసిపోకు, వార్డు కాడ కొట్లాడు.

మెడికల్ వార్డు బదులు ఐసీయూ ఇయ్యమని అడుగు. జీతం అదే, కష్టం ఎక్కువే. కానీ వెంటిలేటర్, ఏబీజీ (రక్తంల గ్యాసుల పరీక్ష), ఇన్ఫ్యూజన్ పంపులు చేతికి అలవాటైన నర్సుకు రెండేండ్లయినంక పక్క ఆసుపత్రోడు పిలిచి ఎక్కువ ఇస్తడు. వార్డుల రెండేండ్లు చేసినోళ్లు ఇంకా ఇంక్రిమెంటు కోసం మేట్రన్ (నర్సుల మీద పెద్దామె) రూము ముందర నిలబడ్డది నేను చూసిన. రాత్రి డ్యూటీల ఒక్క సిస్టర్‌కు ఎంతమంది పేషెంట్లో కూడా అడుగు. హెచ్ఆర్ నిజం చెప్పడు, క్యాంటీన్‌ల టీ తాగే సిస్టర్లను అడుగు.

కటింగులు చూసి భయపడకు. నువ్వు చెప్పిన లెక్కకు బేసిక్ 12,000 ఉండాలె. అట్లయితే పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 120, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150. పీఎఫ్ నీ పైసలే, ఆసుపత్రోడు కూడా అంత కట్టాలె. ఇంకోటి, రేపు ఎవడన్న నీ అనుభవం అబద్ధమంటే పీఎఫ్ పాసుబుక్కే సాక్ష్యం. మొదటి జీతం పడ్డ నెలనే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబరు తీసుకొని చూసుకో. కొన్ని చిన్న నర్సింగ్ హోములల్ల పీఎఫ్ లేకుండా చేతికి నోట్లు ఇస్తరు, వాటిజోలికి పోకు.

ఒరిజినల్స్ మాత్రం ఇయ్యకు. చూపెట్టు, వెనక్కి తీసుకో. అవి గుంజుకొని పెట్టుకునే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు.

మంగళగిరి_బ్రదర్:
అక్క చెప్పింది కరెక్టే గానీ నేను వేరే మాట చెప్తాను. అమ్మాయీ, నువ్వు బీఎస్సీవి, ఎయిమ్స్ నర్సు కొలువుల పరీక్ష నార్సెట్‌కి నీకు అనుభవం అక్కర్లేదు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసిన నాబోటి వాళ్లకే కనీసం 50 పడకలున్న ఆసుపత్రిలో రెండేళ్లు కావాలి. ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ బేసిక్ 44,900, డీఏ, హెచ్ఆర్ఏ అదనం. పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్లకే, మగాళ్లం మిగతా 20 కోసం తన్నుకుచస్తున్నాం. ప్రిలిమ్స్, మెయిన్స్ రెండూ ఉంటాయి, తప్పు రాస్తే మూడో వంతు మార్కు కోస్తారు. రాత్రంతా నిలబడి పొద్దున పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే నిద్ర. ఇంట్లో ఒక ఏడాది ఓపిక పట్టగలిగితే చదువుకే కూర్చో.

నైట్‌డ్యూటీ_అక్క:
తమ్మీ, ఓపిక ఇంట్లోళ్లకు ఉంటది, అప్పిచ్చినోడికి ఉండదు. మిత్తి నెలనెలా పెరుగుతది కదా.

చెల్లె, ఇంకో దారి ఉంది, ఎవరూ చెప్పరు. మన తెలంగాణ సర్కారు దవాఖాన కొలువులు నింపే మెడికల్ బోర్డు స్టాఫ్ నర్సు సెలెక్షన్‌ల 80 మార్కులు పరీక్షకు, 20 మార్కులు సర్కారు దవాఖానల కాంట్రాక్టో ఔట్‌సోర్సింగో చేసినోళ్లకు. ఆరు నెలలకు 2 మార్కులు, గిరిజన ప్రాంతంలయితే 2.5. అంటే నాలుగేండ్లు ఏజెన్సీ ప్రాంతంల చేస్తే 20కి 20. కార్పొరేట్‌ల పదేండ్లు చేసినా సున్నా! మీ జిల్లాలనే గంగారం, కొత్తగూడ ఏజెన్సీ మండలాలున్నయి. డీఎంహెచ్ఓ (జిల్లా వైద్యాధికారి) ఆఫీసుల కాంట్రాక్టు నోటిఫికేషన్ పడ్డదా అని అప్పుడప్పుడు కనుక్కో. సర్కారు కొలువే నీ గురి అయితే హైదరాబాద్ హాస్టల్ ఖర్చు ఎందుకు? ఇంటి నుంచే పోయిరావచ్చు. ఫారిన్ గురి అయితే మాత్రం ఐసీయూనే.

మానుకోట_పిల్ల:
థాంక్స్ అక్కా, అన్నా. ఫారిన్ అంటే గుర్తొచ్చింది. మా క్లాస్‌మేట్‌ను ఒక ఏజెంటు రెండు లక్షలు కట్టు, విజిట్ వీసా మీద కువైట్ పంపిస్త, అక్కడ వర్క్ వీసాకు మార్పిస్త అంటున్నడంట.

నైట్‌డ్యూటీ_అక్క:
వద్దని చెప్పు, ఇయ్యాలనే చెప్పు. కువైట్, సౌదీ లాంటి దేశాలకు నర్సులను సర్కారు ఏజెన్సీల ద్వారనే పంపాలని 2015 నుంచి రూలు. తెలంగాణకు టామ్‌కామ్ ఉంది, ఆంధ్రకు ఓంక్యాప్ ఉంది. జర్మనీకి కూడా టామ్‌కామ్ భాష నేర్పించి పంపుతది, కాకపోతే అక్కడ మన డిగ్రీకి గుర్తింపు వచ్చేదాంక అసిస్టెంటు లెక్కనే పని, జీతం కూడా తక్కువే.

మానుకోట_పిల్ల:
అక్కా, పొద్దున హెచ్ఆర్‌కు ఫోన్ చేసిన. ఐసీయూ ఇస్తరంట, బాండు ఏడాదికి దించుతరంట. ఒరిజినల్స్ మాత్రం కావాల్నంటున్నరు. కాంట్రాక్టు నోటిఫికేషన్ వచ్చేదాంక ఇందుల చేరుదామనుకుంటున్న.

నైట్‌డ్యూటీ_అక్క:
ఐసీయూ ఇచ్చిండంటే వాళ్లకు మనుషులు తక్కువున్నరు, నీ చెయ్యి పైన ఉన్నట్టే. ఒరిజినల్స్ ఎందుకో మెయిల్‌ల రాసి పంపమను, చాలామంది అక్కడనే వెనక్కి తగ్గుతరు. జిరాక్సుల మీద "ఈ ఉద్యోగం కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టి ఇయ్యి. బాండు కాగితంల నడుమ మానేస్తే ఎంత కట్టాల్నో అంకె రాసి ఉందా చూడు. ఖాళీ ఉంటే సంతకం పెట్టకు. ఏమన్నరో రాత్రి 8 లోపల ఇక్కడ రాయి, తర్వాత నాకు ఫోన్ ఉండదు.