మన శ్రీకాకుళం, విజయనగరం యాసలో, పిల్లలతో చూడదగ్గ సినిమాలు చెప్తారా?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, కానీ పాప బడిలో చదివేది ఒడియా. తెలుగు అక్షరాలు రావు. వింటూ ఉంటే భాషైనా నిలుస్తుందని ఆదివారాలు అందరం కూర్చుని తెలుగు సినిమా చూస్తున్నాం.

ఈమధ్య చూసినవాటిలో ‘35 చిన్న కథ కాదు’ (2024)కి 5కి 4.5 ఇస్తాను. విలువే లేని సున్నాని ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుందని అందులో పిల్లాడికి వచ్చిన అనుమానమే మా పాపకీ వచ్చింది. సినిమా ఆపి మరీ మాట్లాడుకున్నాం. తల్లిగా నివేదా థామస్ చాలా బాగా చేసింది. ‘బలగం’ (2023)కి 4. పిండాన్ని కాకి ముట్టని చోట అమ్మ కళ్లు తుడుచుకుంటూనే ఉంది. తెలంగాణ మాట మాత్రం పాపకి అక్కడక్కడా విడమర్చి చెప్పాల్సి వచ్చింది.

అసలు ఇబ్బంది ‘పలాస 1978’ (2020)తో. మాట అచ్చం మా చుట్టాలు మాట్లాడినట్టే ఉంది, అమ్మకి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ నరుకుళ్లు చూడలేక పాపని లోపలికి పంపేశాం. పెద్దవాళ్లకైతే 4, పిల్లలకి వద్దు.

శ్రీకాకుళం, విజయనగరం యాస ఉండి, రక్తపాతం లేని సినిమాలు ఇంకేమున్నాయి? ‘కేరాఫ్ కంచరపాలెం’ చూసేశాం. పాతవైనా పర్లేదు. ఓటీటీలో దొరికేవైతే మంచిది. మీ పిల్లలతో కలిసి చూసినవి ఉంటే ముందు అవే చెప్పండి, ఏ వయసు వాళ్లకి నచ్చాయో కూడా.