టైరు మనమే మార్చుకుంటే నిజంగా మిగులుతుందా?

రెండుచక్రాలు:
వెనక టైరు మధ్యలో నున్నగా అయిపోయింది. గాడుల్లో ఉండే, టైరు ఎంత అరిగిందో చూపే టీడబ్ల్యూఐ దిమ్మెల మట్టానికి వచ్చేసింది. అల్లాయ్ చక్రం, ట్యూబ్‌లెస్, సైజు 130/70-17. టైరు విడిగా కొంటే ధర బాగానే తగ్గుతోంది. షాపులో అయితే దానిమీద బిగింపు కూలీ, వాల్వు, బ్యాలెన్సింగ్ కలుస్తున్నాయి. లివర్లు (టైరును రిమ్ము నుంచి ఊడదీసే ఇనుప పట్టీలు) కొనుక్కుని ఇంట్లోనే మార్చుకోమని కొందరు, దాని జోలికే పోవద్దని కొందరు అంటున్నారు. ఏది సరైన లెక్క? ఇంకో మాట: తయారై మూడేళ్లు దాటిన కొత్త టైరు ఒకటి పెద్ద తగ్గింపులో దొరుకుతోంది. తీసుకోవచ్చా?

పానాపట్టు:
మిగులుతుందండీ, కాకపోతే మొదటి టైరుకే కాదు. మూడు లివర్లు, రిమ్ము గీసుకుపోకుండా రెండు ప్లాస్టిక్ తొడుగులు, వాల్వు పిన్ను విప్పే పనిముట్టు, నమ్మదగిన గాలి మీటరు. వీటిని ఒకసారి కొంటే ఏళ్లతరబడి వస్తాయి. రెండు చక్రాలకూ వాడుకుంటూ పోతే ఖర్చు తిరిగొస్తుంది.

బండి నేల మీద ఉండగానే యాక్సిల్ నట్టు వదులు చెయ్యండి. స్టాండెక్కించాక పానా మీద బరువంతా వేస్తే బండి ఒరిగిపోతుంది. నట్టుకు అది ఊడిపోకుండా ఆపే స్ప్లిట్ పిన్ ఉంటే పాతది పారేసి కొత్తది వెయ్యాలి. చైన్ అడ్జస్టర్లు ఏ గీత దగ్గరున్నాయో రెండు వైపులా ఫోటో తీసుకోండి. యాక్సిల్ లాగుతుండగా చక్రానికి రెండు పక్కలా ఉండే గొట్టం ముక్కలు, అంటే స్పేసర్లు, పడతాయి. రెండింటి పొడవు ఒకటిగా ఉండకపోవచ్చు. తారుమారైతే చక్రం మధ్యకు రాదు, అందుకే ఏది ఎటుదో అప్పుడే గుర్తు పెట్టుకోవాలి. డిస్కు బ్రేకైతే చక్రం బయట ఉన్నంతసేపూ పెడల్ ముట్టుకోవద్దు. తొక్కితే పిస్టన్ ముందుకొచ్చేస్తుంది, తర్వాత డిస్కు ప్యాడ్ల మధ్య దూరదు.

ఇక టైరు. పిన్ను విప్పి గాలంతా వదిలి, రెండు వైపులా బీడ్‌ను, అంటే రిమ్ముకు పట్టుకుని ఉండే టైరు గట్టి అంచును, రిమ్ము అంచు నుంచి లోపలికి దించాలి. సబ్బు నీళ్లు ధారాళంగా రాయండి. పని అంతా ఆధారపడేది ఒక్క విషయం మీదే. రిమ్ము మధ్యలో చుట్టూ లోతైన కాలువ ఉంటుంది. లివరు పెట్టిన చోటుకు సరిగ్గా ఎదురుగా ఉన్న బీడ్‌ను మోకాలితో నొక్కి ఆ కాలువలోకి దింపితేనే ఇటు వైపు వదులు వస్తుంది. లివరు బిగుసుకుందంటే మీ బలం చాలలేదని కాదు, అవతలి బీడ్ కాలువలోంచి పైకెక్కిందని. అక్కడే ఆపి, మళ్లీ నొక్కి, మళ్లీ పట్టండి. ఒక్కో పట్టు నాలుగైదు సెంటీమీటర్లకు మించొద్దు. మొండిగా లాగితే బీడ్ లోపలి ఉక్కు తీగ దెబ్బతింటుంది. ఆ టైరు కొత్తదైనా ఇక వాడకూడదు.

చల్లటిగాలి:
పానాపట్టు గారూ, మీ వరసలో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ అడిగినాయనది ట్యూబ్‌లెస్. ట్యూబ్‌లెస్‌లో కష్టమంతా లివర్ల దగ్గర కాదు, మొదట బీడ్ దించడం దగ్గర, చివర కూర్చోబెట్టడం దగ్గర. రిమ్ము మీద బీడ్ కూర్చునే చోట చిన్న కట్ట ఉంటుంది, పంచరైనా టైరు లోపలికి జారకుండా. ఏళ్లు గడిచిన బీడ్ దాన్ని దాటి రావాలంటే చాలా ఒత్తిడి కావాలి. చక్రాన్ని నేల మీద పడేసి బూటుకాలితో తొక్కేవాళ్లు డిస్కు వంచేస్తారు. ఏబీఎస్ ఉంటే పళ్ల రింగు కూడా ఆ పక్కనే ఉంటుంది. అది కొంచెం వంగినా సెన్సార్ చక్రం వేగాన్ని తప్పుగా చదువుతుంది. లివరు జారి బీడ్ కూర్చునే చోట గీత పడితే, ఆ గీతలోంచే గాలి మెల్లగా పోతుంటుంది. మిగిల్చిన కూలీ ఎక్కడికి పోయినట్టు?

నా సలహా వేరు. చక్రం మీరే విప్పండి, బిగించండి. ఆ భాగం నేర్చుకుంటే చైన్, బ్రేకు, బేరింగు అన్నింటి మీదా కన్ను పడుతుంది. టైరు మార్పు మాత్రం మెషిన్ ఉన్నచోట చేయించండి. విప్పిన చక్రం తీసుకెళ్తే కూలీ చాలా చోట్ల తక్కువే, ఎందుకంటే సమయం పట్టేది చక్రం విప్పి బిగించడానికే. బయట కొన్న టైరు వేస్తారో లేదో మాత్రం కొనకముందే కనుక్కోండి. కొందరు వెయ్యరు, కొందరు ఎక్కువ అడుగుతారు.

పానాపట్టు:
డిస్కు వంగుతుందన్నది నిజం, అందుకే చక్రాన్ని ఎప్పుడూ నేల మీద పెట్టకూడదు. పాత టైరు మీదో రెండు చెక్క దిమ్మల మీదో, బరువంతా రిమ్ము మోసేలా, డిస్కు గాల్లో ఉండేలా పెట్టాలి. బీడ్ దించడానికి కాలు వద్దు, పెద్ద సి-క్లాంపో బెంచ్ వైసో చాలు. టైరు పక్కగోడను రిమ్ము అంచు పక్కనే పట్టి, కొంచెం కొంచెంగా బిగిస్తూ చుట్టూ జరపాలి. ఒకచోట టప్పుమని దిగిందంటే మిగతాది సులువు. లివరు కింద తొడుగు లేకుండా మాత్రం అల్లాయ్ రిమ్ము ముట్టుకోవద్దని నేనూ అంటాను. స్పోకుల బండి, ట్యూబు టైరు ఉన్నవాళ్లయితే షాపు గడప తొక్కాల్సిన పనే లేదు.

బీడ్‌లైన్:
ట్యూబు మాట వచ్చింది కాబట్టి. స్పోకు చక్రానికి టైరు మారిస్తే ట్యూబు, రిమ్ము టేపు కూడా అదే సైజువి కొత్తవి వెయ్యండి. సాగిపోయిన పాత ట్యూబు కొత్త టైరులో మడత పడుతుంది. మడత దగ్గర రాపిడికి పల్చబడి ఉన్నట్టుండి చిరుగుతుంది. ట్యూబు పెట్టే ముందు ఆకారం వచ్చేంత గాలి మాత్రం కొట్టి, టాల్కమ్ పౌడరు రాసి, వాల్వు నట్టును రెండు చుట్లు తిప్పి వదిలెయ్యండి. చివరి లివరు పట్టు దగ్గరే ట్యూబు నలిగి పంచరయ్యేది. ఆ చివరి భాగం వాల్వు దగ్గరికి వచ్చేలా చూసుకోండి. అప్పుడు వాల్వును కొంచెం లోపలికి నెట్టి, బీడ్ కింద ట్యూబు చిక్కుకోలేదని చూసుకోవచ్చు.

డబ్బు ఆదా పేరుతో ట్యూబ్‌లెస్ టైర్లో ట్యూబు వేయించుకునే అలవాటు ఒకటుంది. దాన్ని నేను గట్టిగా వద్దంటాను. ట్యూబ్‌లెస్‌లో మేకు దిగితే రబ్బరు దాన్ని పట్టుకునే ఉంటుంది, గాలి మెల్లగా తగ్గుతుంది, బండి ఆపుకునే వీలుంటుంది. ట్యూబులో దిగితే గాలి వాల్వు రంధ్రం చుట్టూ ఒక్కసారిగా పోతుంది. వేగంలో వెనక చక్రం అలా ఖాళీ అయితే బండి అదుపు తప్పుతుంది.

గ్రీజుచేతులు:
మూడేళ్ల టైరు గురించి ఎవరూ మాట్లాడలేదు. వద్దండీ. రబ్బరు గోడౌన్‌లో ఉన్నా గట్టిపడుతూనే ఉంటుంది. ఆ గట్టితనం పొడి రోడ్డు మీద తెలియదు, తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు తెలుస్తుంది. తగ్గింపు కోసం పట్టును అమ్ముకోకూడదు.

చల్లటిగాలి:
గ్రీజుచేతులు గారూ, అంత గుండుగుత్తగా కొట్టేస్తే ఎలా? పక్కగోడ మీద డీఓటీ అచ్చు చివర నాలుగు అంకెలుంటాయి. 2323 అంటే 2023లో 23వ వారం. మూడంకెలే ఉంటే అది 2000కు ముందుది, దాన్ని చెయ్యి కూడా వెయ్యకుండా వదిలెయ్యండి. మిషెలిన్ సలహా ప్రకారం వాడకంలో ఐదేళ్లు దాటిన టైర్లను ఏటా కనీసం ఒకసారి తెలిసినవాళ్లకు చూపించాలి. తయారై పదేళ్లయితే పైకి బాగున్నా మార్చెయ్యాలి. అంటే ఎండ, వేడి తగలకుండా నిల్వ ఉంచిన మూడేళ్ల టైరు చచ్చిపోయినట్టేమీ కాదు.

అడగాల్సిన ప్రశ్న వేరు. మీరు ఆ టైరును ఎన్నేళ్లలో అరగదీస్తారు? రోజూ తిరిగి ఏడాదిన్నరలో పూర్తిచేసేవాళ్లకు మూడేళ్ల టైరు నిజమైన లాభం, నాలుగున్నరేళ్లకే దాని పని అయిపోతుంది. వారాంతాల్లో మాత్రమే నడిపి ఐదేళ్లు లాగేవాళ్లకు అదే టైరు చివర్లో ఎనిమిదేళ్లది. గాడులు లోతుగానే ఉంటాయి, రబ్బరు మాత్రం రాయిలా ఉంటుంది. వాళ్లకు ఆ తగ్గింపు తగ్గింపే కాదు.

కొనేముందు గాడుల అడుగు, పక్కగోడ వేలితో వంచి చూడండి, వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తాయేమో. బీడ్‌లు రెండూ దగ్గరికి నొక్కుకుపోయి ఉన్నాయేమో కూడా చూడండి. కట్టగట్టి పేర్చి ఉంచిన ట్యూబ్‌లెస్ టైరు అలా సన్నబడి రిమ్ముకు ఆనదు, గాలి కొట్టిన కొద్దీ బయటికే పోతుంది.

గ్రీజుచేతులు:
ఎక్కువ తిరిగేవాళ్ల వెనక టైరు వరకూ ఒప్పుకుంటాను. ముందు టైరుకు ఒప్పుకోను. గట్టిగా బ్రేకు వేసినప్పుడు పని ఎక్కువ చేసేది ముందుదే. అది నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి పాతది కొంటే ఎక్కువకాలం ముసలి రబ్బరు మీదే తిరగాల్సొస్తుంది.

చల్లటిగాలి:
ముందు టైరు విషయంలో మీ మాటే సరైనది. నా లెక్క ప్రకారం చూసినా అదే తేలుతుంది.

గాడిచూపు:
130 కంటే 140/70-17 ఒక్కోసారి తక్కువలో దొరుకుతుంది, పైగా వెడల్పు. అది వేసుకుంటే పోదా?

బీడ్‌లైన్:
పోదు అన్నా! లెక్క వేసి చూడు. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది అందులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. 130/70లో పక్కగోడ ఎత్తు 91 మిల్లీమీటర్లు, 140/70లో 98. చక్రం మొత్తం వ్యాసం 14 మిల్లీమీటర్లు, అంటే రెండు శాతానికి పైగా పెరుగుతుంది. వెనక చక్రం తిరుగుడు లెక్కించే బండైతే స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. టైరుకూ చైనుకూ, వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్‌కూ మధ్య ఖాళీ తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం రిమ్ము వెడల్పు. సన్నటి రిమ్ములో వెడల్పు టైరు ఇరికిస్తే పక్కగోడలు లోపలికి నొక్కుకుని మధ్య భాగం కూచిగా లేస్తుంది. నిటారుగా వెళ్లేటప్పుడు నేలను తాకే భాగం సన్నబడి మధ్యలోనే అరిగిపోతుంది. తక్కువకు కొన్నది తొందరగా పోతుంది.

సైజు సరిపోయాక దాని పక్క అంకె కూడా చూడు. అది టైరు మోయగల బరువుది: 62 అంటే 265 కిలోలు, 57 అంటే 230. తర్వాతి అక్షరం వేగానిది: పి అంటే గంటకు 150 కిలోమీటర్లు, ఎస్ 180, హెచ్ 210. బండి మాన్యువల్లో ఉన్నదానికంటే ఏదీ తగ్గకూడదు. ముందూ వెనకా రేడియల్, బయాస్ అనే రెండు వేరే అల్లిక రకాల టైర్లు కలపడం బండి తయారీదారు ఒప్పుకుంటేనే. చవకగా కనిపించే టైరు తేడా చాలాసార్లు ఈ చిన్న అక్షరాల్లోనే ఉంటుంది.

రెండుచక్రాలు:
చాలా స్పష్టంగా చెప్పారు అందరూ. ఇంట్లోనే వేద్దామనుకుంటున్నాను. టైరు రిమ్ము మీదకు ఎక్కాక గాలి పట్టకపోతే? ఎంతవరకూ కొట్టొచ్చు?

పానాపట్టు:
టైరు ఎక్కించకముందే రెండు పనులున్నాయండీ. వాల్వు కొత్తది వెయ్యండి, రబ్బరు వాల్వుకు అయ్యే ఖర్చు చాలా తక్కువ, టైరు వేశాక మార్చాలంటే అంతా మళ్లీ విప్పాలి. బీడ్ కూర్చునే చోట ఎండిన రబ్బరు, తుప్పు పొడి నైలాన్ బ్రష్షుతో గీకి శుభ్రం చెయ్యండి. టైరు మీద బాణం గుర్తు చక్రం ముందుకు తిరిగే వైపే ఉండాలి. పసుపు చుక్క ఉంటే దాన్ని వాల్వు పక్కకు తెండి, అది టైరులో తేలిక భాగం. గ్రీజు, ఆయిల్ వద్దు, రబ్బరును పాడుచేస్తాయి, తర్వాత టైరు రిమ్ము మీద జారుతుంది.

గాలి పట్టకపోతే టైరు నడుమ చుట్టూ రాచెట్ పట్టీ వేసి బిగించండి. మధ్యలో నొక్కితే బీడ్‌లు పక్కలకు తెరుచుకుని రిమ్ముకు ఆనుతాయి. పిన్ను పెట్టకుండా కంప్రెసర్‌తో కొట్టండి, గాలి ఒక్కసారిగా వెళ్లాలి. ఊదుకోవడం మొదలవగానే పట్టీ వదిలెయ్యండి. టప్, టప్ అని రెండు శబ్దాలు వస్తాయి. అప్పుడు బీడ్ పైన పక్కగోడ మీద ఉండే సన్నటి గీతను చూడండి. రిమ్ము అంచు నుంచి అది చుట్టూ ఒకే దూరంలో ఉండాలి. ఒకచోట గీత లోపలికి మునిగి ఉంటే అక్కడ బీడ్ ఇంకా ఎక్కలేదు. గాలి తీసి, అక్కడ సబ్బు నీళ్లు మళ్లీ రాసి, మళ్లీ కొట్టాలి.

ఎంతవరకన్నది పక్కగోడ మీదే రాసి ఉంటుంది, చాలా టైర్ల మీద 40 పీఎస్ఐ. దాన్ని దాటించొద్దు. మొండికేసిన బీడ్ ఎక్కువ ఒత్తిడిలో తెగితే టైరు ఎగిరి మీదకొస్తుంది. గొట్టం పొడుగ్గా ఉంచి దూరంగా నిలబడి కొట్టండి. పెట్రోలో స్ప్రేనో చల్లి అగ్గి అంటించే పద్ధతి ఎవరైనా చెబితే వినొద్దు.

చల్లటిగాలి:
నావి రెండు మాటలు. బ్యాలెన్సింగ్ వదిలెయ్యొద్దు. యాక్సిల్‌ను రెండు ఆధారాల మీద పెట్టి చక్రం స్వేచ్ఛగా తిరగనిస్తే బరువు భాగం కిందికొచ్చి ఆగుతుంది, దానికి ఎదురుగా రిమ్ముకు 5 గ్రాముల చొప్పున బరువు ముక్కలు అంటించుకుంటూ పోవాలి. ఎక్కడ వదిలినా అక్కడే ఆగితే చాలు. బిగించేటప్పుడు చక్రం నడుమ కుదుపు తగ్గించే హబ్ రబ్బర్లు నలిగిపోయాయేమో చూడండి. నట్టు మాన్యువల్లో చెప్పిన టార్క్‌కు బిగించి, చైన్ వదులు సరిచూసి, బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి.

బీడ్‌లైన్:
కొత్త టైరు పైపొర నునుపుగా ఉంటుంది. మొదటి 160 కిలోమీటర్ల వరకూ బండి ఎక్కువగా వాల్చకండి, బ్రేకు మెల్లగా వెయ్యండి. గాలి మాన్యువల్ ప్రకారం, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మర్నాడు పొద్దున్నే మళ్లీ కొలవండి. తగ్గితే వాల్వు మొదట్లో, పిన్ను మీద, రెండు బీడ్‌ల చుట్టూ సబ్బు నీళ్లు పూయండి. పిన్ను దగ్గర బుడగ వస్తే పిన్ను బిగించండి, అప్పటికీ ఆగకపోతే కొత్తది వెయ్యండి. బీడ్ దగ్గర ఒకే చోట వరసగా బుడగలు లేస్తుంటే అక్కడ రిమ్ము మీద మురికో, లివరు గీతో ఉన్నట్టు. అంతవరకూ బీడ్ దించి, తుడిచి, నున్నగా రుద్ది మళ్లీ కూర్చోబెట్టాలి.